ముప్ఫై నాలుగో గుండీ

డ్రైవరు ముందద్దం తుడవడం ముగించి, పక్క అద్దం మీద నోటితో ఆవిరి ఊదుతూ ఉండగా గైడు మాస్టారు బస్సెక్కారు. ఒక చేతిలో మైకు, రెండో చేతిలో గుండీల డబ్బా.

"ఏం సారథీ, గుర్రాలు నీళ్ళు తాగాయా?" అన్నారు.

పంతొమ్మిదేళ్ళుగా రోజూ ఇదే ప్రశ్న. రోజూ చెప్పే జవాబే డ్రైవరు ఇవాళా చెప్పాడు. తాగాయి, ఒళ్ళు విరుచుకుంటున్నాయి, తమరిదే ఆలస్యం.

అది పర్యాటక శాఖవారి బస్సు. రాజధాని చూడవచ్చిన వాళ్ళని పొద్దున తొమ్మిదింటికి ఎక్కించుకుని, కోట, రాజుల సమాధులు, మ్యూజియం, పెద్ద మసీదు, నది ఒడ్డున ఉన్న చర్చి, ఆఖర్న కొండగుడి చూపించి, సాయంత్రం ఎక్కించుకున్న చోటే దింపుతుంది. జనాన్ని లోపలికి తీసుకెళ్ళడం మాస్టారి పని. వాళ్ళ సామాన్లు బస్సులో ఉంటాయి కనుక డ్రైవరు బస్సు వదలకూడదన్నది శాఖవారి నియమం. అందుచేత ఊళ్ళోని ప్రతి కట్టడం ప్రహరీగోడా అతనికి క్షుణ్ణంగా తెలుసు గానీ, ఒక్కదాని గడప కూడా తొక్కి ఎరగడు. కోట అంటే అతనికి మధ్యాహ్నం దాకా నీడ పడే పార్కింగు. సమాధులంటే, రివర్సు తీసేసరికి తలప్రాణం తోకకొచ్చే సందు. "లోకాన్నంతా తిప్పి చూపిస్తావు, నువ్వు చూసేది మాత్రం టైర్లు" అని భార్య ఎగతాళి చేస్తూ ఉంటుంది. అతనికి ఆ బెంగేమీ లేదు. మాస్టారు మైకులో చెప్పేది విని విని లోపలున్నవన్నీ అతనికి కంఠతా వచ్చేశాయి.

మాస్టారు ఏ బళ్ళోనూ పాఠం చెప్పినవారు కారు. అలా చెబుతారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆయన భార్య బట్టలు కుట్టేది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. కూతురు పై ఊళ్ళో కాపురం చేసుకుంటోంది. గుండీల డబ్బా భార్యదే. జనం ఎక్కేటప్పుడు ఒకరు మంచినీళ్ళెక్కడంటారు, ఒకరు మరుగుదొడ్డి ఎక్కడంటారు. వాళ్ళకి జవాబు చెబుతూ అంకె గుర్తుపెట్టుకోవడం మనిషన్నవాడి వల్ల కాదని మాస్టారి వాదన. అందుకని, మనిషి మెట్టెక్కగానే డబ్బాలోంచి ఒక గుండీ తీసి కోటు జేబులో వేస్తారు. అందరూ ఎక్కాక జేబు అరచేతిలో గుమ్మరించి లెక్కపెడతారు. పొద్దుటి సంఖ్యతో సరిపోతేనే "పోనీ సారథీ" అంటారు.

కిందటి నెల ఒక్కరోజు మాత్రం ఆ పద్ధతి తప్పింది. సమాధుల దగ్గర వాన ముంచుకొచ్చి జనం తోసుకుంటూ ఎక్కేశారు. నేను లోపలి అద్దంలో లెక్కపెట్టాను, సరిపోయారు అని డ్రైవరు భరోసా ఇచ్చాడు. సరిపోయిన మాట నిజమే. కాకపోతే అందులో ఒకడు వేరే బస్సువాడు. కంగారులో ఇది ఎక్కేశాడు. ఈ బస్సులో వచ్చిన ముసలావిడ ఒకామె చీకటి పడేదాకా సమాధుల గుమ్మంలోనే కూర్చుండిపోయింది. పెద్దాఫీసరు మాస్టారిని పిలిచి నానా మాటలూ అన్నాడు. ఇంకొక్క మనిషి తప్పిపోతే ఇంటికి పంపేస్తానన్నాడు. అద్దం లెక్క డ్రైవరుదని మాస్టారు అక్కడ నోరు విప్పలేదు. ఆ సంగతి తలుచుకుంటే డ్రైవరుకి ఇప్పటికీ ముద్ద దిగదు. ఇంటికి పంపేస్తే ఆ ఖాళీ ఇంట్లో గోడలకి చెబుతారా ఈయన కోట కథలు?

ఇవాళ ముప్ఫై నలుగురు. మాస్టారు వంగినప్పుడు కోటు జేబు అడుగున కుట్టు ఊడి దారం వేలాడుతూ ఉండడం డ్రైవరు చూశాడు. సాయంత్రం కోటిస్తే మా ఆవిడ మిషను మీద రెండు కుట్లు వేస్తుందన్నాడు. ఆదివారం ఇస్తాలే, ఇదొక్కటేగా ఉన్నది అన్నారు మాస్టారు. కోట దగ్గర ఆయన ఎన్నడూ లేనిది ఒక రాజుకి వాళ్ళ తాతగారి యుద్ధం అంటగట్టారు. చర్చి దగ్గర మాట మధ్యలో ఆగి, ఎడమ భుజం నొక్కుకుని, మళ్ళీ అందుకున్నారు. కొండ ఇవాళ ఎక్కకండి, కింది నుంచే చెప్పి పంపించండి అని డ్రైవరు అంటే, పైన నాకు పనుందని నవ్వారు.

నాలుగున్నరకి జనం కొండ దిగి బస్సెక్కారు. మాస్టారు జేబు అరచేతిలో గుమ్మరించి లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. ముప్ఫై మూడు.

ఎవరి వాళ్ళు రాలేదో చెప్పమని మైకులో అడిగారు. మావాళ్ళంతా ఉన్నారన్నారు అందరూ.

"మాస్టారూ, ముప్ఫై నలుగురూ ఉన్నారండీ. అద్దంలో రెండుసార్లు చూశాను."

"ఉంటారయ్యా. కానీ ఒంటరిగా వచ్చినవాళ్ళు రాలేదని చెప్పడానికి ఎవరుంటారు? ఒక్కసారి చూసొస్తాను."

దెప్పుతూ అన్న మాట కాదు. అయినా డ్రైవరుకి గుచ్చుకుంది. కిందటి నెల తన అద్దం కూడా ఇలాగే సరిపోయింది మరి. పోనీ తాను వెళ్దామంటే బస్సు వదలకూడదు. నూట పన్నెండు మెట్లు. మాస్టారు గోడ పట్టుకుని ఎక్కడం కనిపించినంతసేపూ చూశాడు.

పావుగంటయింది. టోపీ పెట్టుకున్న ఒకాయన తన రైలు వెళ్ళిపోతుందని గొణగడం మొదలుపెట్టాడు. రెండో వరస సీటులోని పెద్దావిడ లేచి డ్రైవరు దగ్గరికొచ్చి గుప్పిట విప్పింది.

"బాబూ, ఇది నీదేమో చూడు. ఎక్కేటప్పుడు బస్సు మెట్టు మీద దొరికింది. మా ఆయన కోటుదనుకుని దాచాను. తీరా చూస్తే ఆయన గుండీలు ఆయనకే ఉన్నాయి."

ఆకుపచ్చ గుండీ. పెద్దది, నాలుగు చిల్లులది. డ్రైవరుకి ముందు నవ్వొచ్చింది. ఎవ్వరూ తప్పిపోలేదు, మాస్టారి ఉద్యోగం నిలిచింది. మూడుసార్లు హారను కొట్టాడు. వచ్చెయ్యండని వాళ్ళిద్దరి మధ్యా అది గుర్తు. మెట్ల మీద అలికిడి లేదు. మళ్ళీ మూడుసార్లు కొట్టాడు. తాళం చెవి తీసుకుని, కాస్త తలుపు చూస్తుండమని పెద్దావిడ భర్తకి అప్పగించి దిగాడు.

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి మెట్లెక్కుతున్నాడన్న ధ్యాస కూడా అతనికి లేదు. నలభయ్యో మెట్టు దగ్గర తొండం విరిగిన రాతి ఏనుగు ఎదురైంది. "దీన్ని విరిచింది శత్రువులు కాదు, మెడకి వేలాడి ఫొటోలు దిగినవాళ్ళు" అని రోజూ మైకులో వినే మాట వినిపించింది. పైన కాపలావాడు కనబడి, మీ గైడు ప్రతి మూలా వెతికాడు, ఎవరైనా ఉన్నారా అంటూ గుడి చుట్టూ రెండుసార్లు తిరిగాడు, ఇప్పుడెక్కడున్నాడో తెలియదన్నాడు. డ్రైవరుకి తెలుసు. పైకెక్కాక కుడివైపు మూడో స్తంభం, ఈ కొండ మీద ఎండ పడనిదీ, ఊరంతా కనిపించేదీ ఆ ఒక్క చోటే. ఎన్ని వేలసార్లు వినలేదు!

మాస్టారు అక్కడే ఉన్నారు. స్తంభానికి చేరగిలబడి, కాళ్ళు చాపుకుని, ఊరు కేసి చూస్తూ కూర్చున్నారు. డ్రైవరు గుండీ పైకెత్తి దూరం నుంచే చూపించాడు.

"మాస్టారూ, దొరికిందండీ. ముప్ఫై నాలుగూ ఉన్నాయి."

ఆయన తల తిప్పలేదు. డ్రైవరు దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి వెచ్చగానే ఉంది. నాడి లేదు. ఇంకో చెయ్యి కోటు జేబులో ఉంది, ఊడిన కుట్టులోంచి రెండు వేళ్ళు బయటికొచ్చి ఉన్నాయి.

అంటే కుట్టు సంగతి ఆయనకీ తెలిసిపోయిందన్నమాట. ఎవరూ తప్పిపోలేదని తెలిసే కూర్చున్నారేమో. అంతమాత్రం తెలిసి ఉంటే చాలనుకున్నాడు డ్రైవరు. కాపలావాడిని కేకేసి, పక్కన చతికిలబడ్డాడు. ఎదురుగా, కింద, అగ్గిపెట్టెంత బస్సు. దాని ముందద్దం మెరుస్తోంది. "పొద్దస్తమానం ఆ అద్దం తుడుస్తావేమిటయ్యా, అరిగిపోతుంది" అని మాస్టారు అంటూ ఉండేవారు. ఎలా తెలుసని తానెప్పుడూ అడగలేదు. పైన నాకు పనుందంటే ఇదన్నమాట, ఇక్కడ కూర్చుని కిందున్న తనని చూడడం. అప్పుడొచ్చింది అతనికి ఏడుపు. ఆపుకోలేదు.

అంబులెన్సు వచ్చి మాస్టారిని తీసుకెళ్ళాక, డ్రైవరు మొహం కడుక్కుని సీట్లో కూర్చున్నాడు. అద్దంలో లెక్కపెట్టాడు. ముప్ఫై నలుగురు. టోపీ ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పొద్దున ఎక్కించుకున్న చోటే అందరినీ దింపాడు. పెద్దావిడ దిగుతూ అతని భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది.

మర్నాడు మాస్టారి కూతురు వచ్చింది. డ్రైవరు డబ్బా అప్పగించాడు. మా అమ్మది అని ఆ అమ్మాయి దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. కోటు కూడా తీసుకెళ్ళింది. వారం తిరక్కుండా కొత్త గైడు వచ్చాడు. చేతిలో నొక్కుడు యంత్రం ఉంది, ఒక్కొక్కరికీ టిక్కుమంటూ అంకె చూపిస్తుంది. మంచి కుర్రాడే. డ్రైవరుని అన్నా అంటాడు. గుర్రాల సంగతి అడగడు.

బట్టలుతుకుతూ డ్రైవరు భార్య అతని ఖాకీ జేబులో గుండీ చూసి, ఇది మన చొక్కాలది కాదే అంది. ఎవరిదో చెప్పాడు. ఆమె దాన్ని కొంగుతో తుడిచి అతని చేతిలో పెట్టింది. ఇప్పుడది బస్సులో, స్టీరింగు ముందున్న పలక మీద ఉంటుంది. కొండ మలుపు తిరిగినప్పుడల్లా గైడు సీటు వైపు జరిగి, తిన్నటి దారికి రాగానే అక్కడే ఆగిపోతుంది, ఆకుపచ్చది, నాలుగు చిల్లులది.