కంబళంత మబ్బు

పొద్దున్నే నేత్రావతి, శిల్పశ్రీ వల్లూరు సోలార్ పార్కులో ప్యానెళ్లు తుడవడానికి బయలుదేరితే, వాళ్ల తలల మీదుగా కంబళంత మబ్బు ఒకటి నడిచి వచ్చేది. నీడ పడితే కరెంటు తగ్గుతుందని సూపర్‌వైజరు వాళ్లకు ఎప్పుడూ చివరి వరసే ఇచ్చేవాడు.

చిన్నప్పుడు ఒక కరువు ఏడాది, వాన కోసం ఇద్దరు ఆడపిల్లలకు పెండ్లి చేసే ఆచారం ప్రకారం, నేత్రావతికి పంచె కట్టి, శిల్పశ్రీకి చీర చుట్టి, ఊరంతా అక్షింతలు వేసింది. వాన పడింది. అట్లా పెండ్లయిన పిల్లలు బెల్లం తిని ఎవరింటికి వాళ్లు పోవడం మామూలు. వీళ్లిద్దరూ విడిపోలేదు, మబ్బూ పోలేదు. పెద్దయ్యాక నేత్రావతి ఇంట్లోనే కాపురం పెట్టారు. ఇరుగుపొరుగు ఆ ఇంటి చూరు కింద బిందెలు పెట్టి నీళ్లు పట్టుకునేవాళ్లు.

అప్పుడు వచ్చాయి ఎన్నికలు. సంప్రదాయాల పార్టీ నాయకుడు కృష్ణకుమార్ వై.ఎన్.హొసకోటలో మైకు పట్టుకుని, ఆడది ఆడదాన్ని పెండ్లాడడం మన సంస్కృతి కాదని అరిచాడు. మరునాటి నుంచి అంగట్లో వాళ్లకు ఉప్పు కూడా పుట్టలేదు. శిల్పశ్రీ అన్న ప్రకాశ్ ఆమెను క్యాతగానచెర్లుకు లాక్కుపోయాడు. మబ్బు రెండూళ్ల మధ్య దారప్పోగులాగా సాగింది. అది తెగకముందే ఆమె నడిచి వచ్చేసింది. తెచ్చుకున్న గుడ్డల మూట, మళ్లీ ఎప్పుడు లాక్కుపోతారోనని, వాకిట్లోనే పెట్టింది.

తర్వాతి ఎన్నికలనాటికి బోర్లు ఎండాయి. కృష్ణకుమార్ రెండు పూలదండలు పట్టుకుని ఆ ఇంటికే వచ్చాడు.

నేత్రావతి తల్లి కెంచమ్మ అడిగింది. "మైకులో తిట్టిన నోరే కదప్పా ఇది? కడుక్కోని వచ్చినావా?"

"పార్టీ మాట మారిందమ్మా. ఇది మనకు అనాదిగా ఉండాది, అనమంటాండారు పైన పెద్దోళ్లు. స్టేజి మీద మళ్లా పెండ్లి చేస్తాము."

"వానొచ్చినాక పైన ఇంకోటి చెప్తే?" అంది శిల్పశ్రీ.

"అప్పటి మాట అప్పుడు పాపా," అని నవ్వాడాయన.

ఆయన వెంట వచ్చిన ప్రకాశ్ గడప బయటే నిలబడి, "లీడరన్నే ఈ పెండ్లి చేస్తే, చెల్లెలి కోసం నేనింక రాను," అన్నాడు. ఆ ఒక్క మాట కోసం ఇద్దరూ ఒప్పుకున్నారు.

దండలు మార్చుకున్నారు. మబ్బు నల్లబడి షామియానా అంతయింది, పార్కు అంతయింది. వాన. జనం తడుస్తూ ఎగిరారు. చెరువు నిండింది. అయినా మబ్బు విడవలేదు. ప్యానెళ్లు చీకట్లో పడుకున్నాయి. పార్కువాళ్లు ఫోన్లు చేశారు. ఓట్లు కూడా అయిపోయాయి.

కృష్ణకుమార్ మళ్లీ వచ్చాడు. ఈసారి వెనక ప్రకాశ్ బైకు ఉంది.

"ఆ పెండ్లి వానకు చేసినాము, నిజం పెండ్లి కాదు. పైన తేల్చి చెప్పినారు. ప్రకాశా, చెల్లెలిని బండి ఎక్కించుకో."

శిల్పశ్రీ మూట అందుకుంది. నేత్రావతి ఆమె కొంగు పట్టుకుంది.

జల్లు అందరి మీదా పడుతూనే ఉంది. కృష్ణకుమార్ నెత్తిన మాత్రం మబ్బు మనిషంత మేర చిరిగింది. ఆయన చొక్కా అక్కడే ఆరిపోయింది. ఒకడుగు పక్కకు జరిగాడు. చిరుగూ జరిగింది. చూరు కిందికి దూరాడు. చూరు మీద ఎండ కాసింది. ప్రకాశ్ పైకి చూసి, బైకు తిప్పుకుని పోయాడు.

వాన కోసం కాచుకునే సీమలో అట్లాంటి మనిషిని ఎవరు పిలుస్తారు? విత్తనం వేసేవాళ్లు ఆయన కనబడితే తలుపులు మూశారు. పార్టీ కూడా కబురు పెట్టడం మానేసింది. చివరికి పార్కువాళ్లే సెక్యూరిటీ టోపీ ఇచ్చి పనిలో పెట్టుకున్నారు. మబ్బు పట్టిన రోజుల్లో ఆయన ప్యానెళ్ల మధ్య నడవాలి. ఆయన నిలబడిన చోట కరెంటు పుడుతుంది.

చివరి వరసలో మబ్బు కింద ఆ ఇద్దరూ తుడుస్తుంటారు. ఎండలో ఆయన ఫోను మోగినప్పుడల్లా, మళ్లీ పైనుంచేమోనని, శిల్పశ్రీ చేయి ఆగిపోతుంది.

మూట ఇంకా వాకిట్లోనే ఉంది. ముడి విప్పలేదు.