కాంపౌండరమ్మ సైకిలు

శనివారం సాయంత్రమైతే ఆ ఇంటి వెనక వరండా చిన్నపాటి ఆసుపత్రిలా ఉండేది. మర్నాడు పొద్దున్నే తొక్కడానికి వెళ్లేవాళ్లంతా తమ సైకిళ్లు తోసుకుంటూ వచ్చి గోడకు వరసగా ఆనించేవాళ్లు. ఒకరి చైను కిర్రుమంటోంది, ఒకరి గేరు మాట వినడం లేదు, ఇంకొకరి చక్రం వంకర పోయింది. ఇంటాయన పాత ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని పీట మీద కూర్చునేవాడు. పెడలు ఒకసారి తిప్పి, తల పక్కకు వాల్చి విని, జబ్బేమిటో చెప్పేసేవాడు. వారమంతా బీమా కంపెనీలో పై అధికారి ముందు కుక్కిన పేనులా పడి ఉండే మనిషి, ఆ పీట మీద మాత్రం రాజే. సైకిలు బృందంలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ డాక్టరు గారే. పక్కన నిలబడి మరలు బిగించే ఎల్ కీలు, మసిగుడ్డలు, నూనె సీసా అందించే ఆయన భార్యకు కాంపౌండరమ్మ అని పేరు పడిపోయింది.

ఆ పేరుకు మొదట్లో ఆమె కూడా నవ్వేది. నిజానికి ఆసుపత్రిలో పనిచేసేది ఆమే. ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం. చంటిపిల్లల చేతిలో నరాన్ని కూడా ఒక్క పోటుతో పట్టుకుంటుందని పై అంతస్తు నర్సులు ఆమెను కబురు పెట్టి మరీ పిలిపించుకునేవాళ్లు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. డాక్టరు గారి ఇంట్లో ఆమె సైకిలు పరిస్థితి కూడా అంతే. ఆయనకు కొత్త సీటు వస్తే పాతది ఆమెకు దిగేది. ఆయన టైర్లు నున్నబడితే అవి ఆమె చక్రాలకు ఎక్కేవి. హెల్మెట్ కూడా ఆయన తల కొలతకు కొన్నదే. వదులుగా ఉందంటే లోపల స్పాంజి ముక్క అతికించి ఇచ్చాడు.

"నీకిది చాల్లే. నువ్వేమన్నా పందేలకెళ్తావా?" అనేవాడు.

ఆ మాటలో పిసినారితనం ఆమెకు కనిపించేది. కానీ ఎంతైనా తన చేత్తో బిగించి ఇస్తున్నాడు కదా అని సరిపెట్టుకునేది.

ఒక్కసారి మాత్రం తనకు తానుగా కొనుక్కుంది. కొండ రోడ్డు మీద తొక్కే ఆదివారం దగ్గర పడుతోందని, దిగుడుకు భయపడి, కొట్టుకు వెళ్లి కొత్త బ్రేకు రబ్బర్లు తెచ్చుకుంది. ఎర్రవి. ఆయనే బిగించి పెట్టాడు. "కాంపౌండరమ్మకు షోకులెక్కువయ్యాయి" అని నలుగురిలో ఆట కూడా పట్టించాడు.

ఆ ఆదివారం కొండ ఎక్కేసరికి అందరికీ ఆయాసం వచ్చింది. పైన కాసేపు కూర్చుని నీళ్లు తాగారు. తెల్లవారుజామున జల్లు పడడంతో రోడ్డింకా తడారలేదు. దిగుడు మొదలవగానే డాక్టరు గారు బాణంలా ముందుకు వెళ్లిపోయాడు. ఆమె అందరికంటే వెనక, బ్రేకులు నొక్కుతూ వదులుతూ దిగింది. మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండో మలుపు దగ్గర బ్రేకు పిడులు హ్యాండిలుకు అంటుకునేదాకా నొక్కినా బండి ఆగలేదు. ఇనుము మీద ఇనుము గీసిన చప్పుడు మాత్రం వచ్చింది. కాళ్లు నేలకు రాసింది. లోయ వైపు పోకుండా హ్యాండిలును మట్టిగట్టు వైపు తిప్పింది. భుజం మీద పడింది.

ఆయన కిందనుంచి రొప్పుకుంటూ ఎక్కి వచ్చాడు. ఆమెను లేపి కూర్చోబెట్టాడు, నీళ్లు తాగించాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అది నటన కాదు. కానీ అంతమందిలో ఆయన నోటినుంచి మొదట వచ్చిన మాట ఇది:

"దిగేముందు బ్రేకులు ఒక్కసారి చూసుకోవద్దూ?"

నిజమే, చూసుకోలేదు. తప్పు తనదే అనుకుంది ఆమె. భుజం దగ్గర ఎముక విరిగిందని తేలినప్పుడు, కుడిచెయ్యి కట్టులో పడినప్పుడు కూడా అదే అనుకుంది. ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి వంట చేశాడు. రోజూ పొద్దున్నే ఆమె జుట్టు దువ్వేవాడు. జడ వెయ్యడం చేతకాక మూడు పాయలూ కలిపి ఏదో ముడి వేసేవాడు. అద్దంలో చూసుకుని ఆమె నవ్వేది. ఆ నవ్వుకు భుజం కలుక్కుమనేది.

ఆయన మళ్లీ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాక, ఒక మధ్యాహ్నం తోచక వరండాలోకి వెళ్లింది. తన సైకిలు మూల ఆనించి ఉంది. ముందు చక్రం సొట్టపోయి ఉంది. వంగి బ్రేకు చూసింది. రబ్బరు నల్లగా, అరిగి అరిగి లోపలి ఇనుము బయటపడి ఉంది. వెనక బ్రేకుదీ అదే కథ. తను కొన్నవి నలుపు కాదు. ఆమె పక్కకు తిరిగి, గోడకు వేలాడుతున్న ఆయన సైకిలు వైపు చూసింది. నాలుగు ఎర్ర రబ్బర్లూ అక్కడున్నాయి.

సాయంత్రం ఆయన మేజోళ్లు విప్పుకుంటుండగా అడిగింది.

"నా బ్రేకు రబ్బర్లు మీ బండికెలా వచ్చాయి?"

ఆయన తేలు కుట్టిన దొంగలా ఒక్క క్షణం బిగుసుకుపోయాడు.

"అదా... ముందురోజు చూస్తే నావి పూర్తిగా అరిగిపోయున్నాయి. కొట్టేమో మూసేశారు. నేను అందరికంటే ముందు స్పీడుగా దిగాలి కదా? నువ్వెలాగూ మెల్లగా వస్తావు, ఒక్కరోజుకేం కాదులే అనుకున్నా."

"నాకొక్క మాట చెప్పాల్సింది."

"చెప్తే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్నే. మీకిచ్చేసి నేను ఇంట్లో ఉండిపోయేదాన్ని."

ఆయన రెండో మేజోడు కూడా లాగి పడేశాడు. "కావాలని చేశానా? నన్నేదో హంతకుణ్ణి చూసినట్టు చూస్తావేంటి?" అని విసురుగా లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు కట్టు మార్పించుకోవడానికి వెళ్లి, వచ్చేటప్పుడు ఆమె జుట్టు మెడదాకా కత్తిరించుకుని వచ్చింది. దువ్వెన పట్టుకుని సిద్ధంగా ఉన్న ఆయన చూసి, దువ్వెన అద్దం ముందు పెట్టేశాడు.

బృందంలో వాళ్లకు ఆయనే చెప్తాడని ఆమె ఎదురుచూసింది. తప్పు చేసినవాడు నోరు విప్పితే దానికొక అందం ఉంటుంది, ఎవరో విప్పిస్తే ఉండదు. ఆయన చెప్పలేదు.

కట్టు విప్పాక బృందంలో కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక సమావేశం పెట్టారు. బృందానికి పెద్దదిక్కు ఒక బేకరీ యజమాని, అందరూ ఆయన్ని బేకరీ బాబాయ్ అంటారు. ఆయన కొట్టు మేడమీదే కుర్చీలు వేశారు. కింద పొయ్యిల వేడికి గది ఉడికిపోతోంది. డాక్టరు గారు బల్ల మీద సైకిలు తలకిందులుగా నిలబెట్టి, చైను ఎలా కడగాలో, గాలి ఎంత ఉండాలో, చేతి తొడుగులు ఎలాంటివి కొనుక్కోవాలో చక్కగా చెప్పాడు. తర్వాత బ్రేకుల దగ్గరికి వచ్చాడు.

"ఇది మాత్రం అశ్రద్ధ చెయ్యకండి. ఎక్కడో ఎందుకు, మా ఇంట్లోనే చూడండి. మా ఆవిడ దిగేముందు రబ్బర్లు చూసుకోలేదు, ఎముక విరగ్గొట్టుకుంది."

అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ఆమె కూర్చున్నచోటి నుంచే అంది.

"ఆ రబ్బర్లు ఎవరు పెట్టారో కూడా చెప్పండి."

గొల్లున నవ్వారు. "కాంపౌండరమ్మ డాక్టరు మీద కేసు పెట్టింది రోయ్!" అన్నారెవరో. అందరికంటే గట్టిగా డాక్టరు గారే నవ్వాడు. "ఇంట్లో రోజూ ఇదే విచారణ" అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. "నేను వేళాకోళం ఆడట్లేదు. నేను కొనుక్కున్న కొత్తవి పీకి తన బండికి పెట్టుకున్నారు. అరిగిపోయిన తనవి నాకు పెట్టారు. నాకు చెప్పలేదు."

నవ్వు ఒక్కొక్క కుర్చీ దగ్గరా ఆగిపోయింది. ఎవరో దగ్గారు. "మొగుడూ పెళ్లాల సంగతి మనకెందుకులే" అన్న గొణుగుడు వినిపించింది. అంతలో టీ వచ్చింది. అందరూ బతుకుజీవుడా అని కప్పుల కోసం లేచారు.

ఆమె మెట్లు దిగుతుంటే బేకరీ బాబాయ్ వెనకాలే వచ్చాడు.

"అమ్మాయ్, నువ్వు చెప్పింది నిజమే. ఆ రోజు కొండ మీదే ఆయన బండికి ఎర్రవి చూశాను."

"మరి లోపల ఒక్క మాట అనలేదేం బాబాయ్ గారూ?"

ఆయన చేతికంటిన పిండి దులుపుకున్నాడు. "ఏమనమంటావు చెప్పు? ఆయన అలిగి కూర్చుంటే మా బళ్లన్నీ ఎవరు చూస్తారు? బృందమే చెదిరిపోతుంది. పోనీ, అందరం కలిసి నీకో మంచి కొత్త హెల్మెట్ కొనిద్దామనుకుంటున్నాం."

"నా తలకేం కాలేదు బాబాయ్ గారూ" అని ఆమె దిగి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక ఆయన, "నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు. అంతకుమించి ఆ ఇంట్లో ఆ విషయం మళ్లీ రాలేదు. ఆ తర్వాతి శనివారం ఎప్పటిలాగే సైకిళ్లు వచ్చాయి. "ఆ ఎల్ కీ ఇటివ్వు" అని ఆయన చెయ్యి చాపాడు. చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. లేచి వెళ్లి తనే తెచ్చుకున్నాడు. లోపల ఆమె బట్టలు మడతపెడుతోంది. ఆ శనివారం నుంచి ఆమెను కాంపౌండరమ్మ అని పిలిచినవాళ్లు లేరు. ఇంకేమనాలో కూడా ఎవరికీ తోచలేదు.

ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. సూది పట్టుకుంటే కుడిచెయ్యి సన్నగా వణుకుతుంది. ల్యాబులో ఆమెను రక్తం తీసే గది నుంచి మార్చి, సీసాల మీద పేర్లు అంటించే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. చంటిపిల్ల ఏడుపు వినిపిస్తే ఇప్పటికీ కుర్చీలోంచి సగం లేస్తుంది. తర్వాత కూర్చుంటుంది.

సైకిలు మాత్రం మానలేదు. చక్రం బాగు చేయించుకుంది, బ్రేకులు కొత్తవి వేయించుకుంది, అన్నీ బజారులోనే. డ్యూటీ అయ్యాక ఆసుపత్రి వెనక చదునైన రోడ్డు మీద ఒక్కతే తొక్కుతుంది. కాస్త పల్లం వస్తే దిగి నడిపించుకుంటుంది. ఆవిడకు భయం పట్టుకుందని డాక్టరు గారు బృందంలో చెప్తున్నాడట. ఆ మాట ఆమెదాకా వచ్చింది. కాదనలేదు.

ఒక రోజు ఆమె గొలుసు తాళం కొనుక్కొచ్చింది. వరండాలో కిటికీ ఊచకు, చక్రం ఆకుల మధ్యనుంచి గొలుసు దూర్చి సైకిలు కట్టేసింది. టీ తాగుతూ చూస్తున్న ఆయన నవ్వబోయి ఆగాడు.

"ఇంట్లో తాళమెందుకే? ఇక్కడ దొంగలెవరున్నారు?"

ఆమె తాళంచెవి సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని, డ్యూటీకి వెళ్లిపోయింది.