కిటికీ పక్క బల్ల

ష్రాప్‌షైర్ కొండల కింద ఒక పల్లెలో ఆంబ్రోస్ టాండీ నలభై ఏళ్ళపాటు తన పబ్బులో తనే బీరు కాచి, తనే పోశాడు. మోకాళ్ళు మొరాయించాక ఆ పనంతా కూతురు హెస్టర్‌కు అప్పగించాడు. ఒక మధ్యాహ్నం మొదటిసారి గిరాకీలా వచ్చి, పాత నేస్తం విల్ఫ్ ఎదురుగా కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు.

హెస్టర్ తను కాచిన బీరు తెచ్చిపెట్టి, కదలకుండా అక్కడే నిలబడింది. ఆంబ్రోస్ ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, మెడ తడుముకున్నాడు.

"బాలేదా నాన్నా?"

"బీరుకేమే, బంగారంలా ఉంది! ఈ గాలెక్కణ్ణించి? మెడ కోసేస్తోంది."

విల్ఫ్ పగలబడి నవ్వాడు. "ఇన్నేళ్ళూ మేం మొత్తుకుంటే ఏమన్నావురా? ఇంకో గ్లాసు తాగు, అదే వెచ్చబడుతుందన్నావ్!"

ఆంబ్రోస్‌కు సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఒక్కనాడూ తను ఇటువైపు కూర్చున్న పాపాన పోలేదు.

"తప్పు నాదేరా," అన్నాడు.

విల్ఫ్ తన మఫ్లరు విప్పి అతని మెడకు చుట్టాడు.

మర్నాడు ఆంబ్రోస్ పాత కంబళి చింపి, ఆ కిటికీ సందుల్లో కుక్కుతూ పొద్దంతా గడిపాడు. విల్ఫ్ పక్కనే కూర్చుని, హెస్టర్ బీరు చప్పరిస్తూ, ఇంకాస్త గట్టిగా కుక్కమని సలహాలిచ్చాడు.