ఎల్లన్న మోసిన మొక్కు

పార్వతమ్మకు దేవుడంటే ఎంత నమ్మకమో, డాక్టర్లంటే అంత అనుమానం. నాలుగేళ్ల కింద వేళ్లు తిమ్మిరెక్కుతుంటే, అవి పోయేదాకా మాంసం ముట్టనని మల్దకల్ తిమ్మప్పకు మొక్కుకుంది. పోలేదు. దేవుడికి చాలలేదేమోనని గుడ్డు మానేసింది. అరికాళ్ల మంటలు మొదలయ్యాయి. పాలు మానేసింది. మంటలు మోకాళ్ల దాకా ఎగబాకాయి. పెరుగూ మానేసి, పచ్చిపులుసుతో రొట్టె తింటూ, దేవుడు భలే గట్టివాడని మెచ్చుకునేది.

సీడుపత్తి చేలో క్రాసింగ్ అంటే, విత్తనాల కోసం ఒక చెట్టు పుప్పొడిని ఇంకో చెట్టు పువ్వుకు చేత్తో అద్దే వేళ్ల పని. ముందుగా మొగ్గ పైతొడుగును గోటితో ఒలవాలి, లోపలి కాడకు దెబ్బ తగలకూడదు. ఇరవయ్యేళ్లుగా అందులో ఆమెను మించినవాళ్లు లేరు. పోయిన ఏడు మాత్రం గిల్లింది మొగ్గనో, తన వేలినో ఆమెకే తెలియలేదు.

"పార్వతక్కా, మొగ్గలన్ని ఇరుగుతున్నయి. గిట్లయితే వచ్చే యేడు నిన్ను పెట్టుకోను," అని కూలీల గుంపును నడిపే సరోజ ముఖం మీదే చెప్పేసింది. ఆ మాట తలచుకున్నప్పుడల్లా పార్వతమ్మకు ఏడుపొచ్చేది.

భర్త ఎల్లన్న ఆమెను వనపర్తి దవాఖానకు లాక్కుపోయాడు. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి తల పట్టుకుంది.

"అమ్మా, నీ ఒంట్లో బీ12 అడుగంటింది. పాలు, గుడ్లు, మాంసం మానేసి నరాలు ఇంకా దెబ్బతీసుకున్నావు. సూదులిస్తా గానీ, తిండి మారాలి."

"తింట మేడం. తిమ్మిర్లు పోంగనే తింట."

"తింటేనే పోతాయమ్మా."

"పోతేనే తినాలె మేడం. దేవునికి మాటిచ్చిన."

ఎల్లన్న ఆదివారం కోడికూర లేకపోతే సోమవారం దాకా ఎవరితోనూ మాట్లాడని మనిషి. అతనికి ఒళ్లు మండింది.

"ఏం పరేషానే నాకు! నీ మొక్కు నేను మోస్త, నువ్వు తిను!"

పార్వతమ్మ చటుక్కున లేచి చేతులు జోడించింది. "తిమ్మప్పా, ఇన్నవు గద! నా మొక్కు ఇప్పటిసంది ఈయనది."

ఒకరి మొక్కును ఇంట్లో ఇంకొకరు తీర్చడం ఆ వైపు ఉన్నదే. కాదంటే ఏ పాపం చుట్టుకుంటుందోనని ఎల్లన్న కూడా చేతులు జోడించాడు.

ఆమె తిమ్మిర్లు ఎంత తొందరగా పోతే అతనికి కోడి అంత తొందరగా దొరుకుతుంది మరి. పొద్దున్నే గుడ్లు ఉడకబెట్టేవాడు, పాలు కాచేవాడు, ముక్కుకు తువ్వాలు కట్టుకుని కార్జం వేయించేవాడు. "ఇంకో ముక్క తిను. పోయినయా?" అని ముద్దముద్దకూ అడిగేవాడు. ముప్పయ్యేళ్ల కాపురంలో అతను ఆమెకు మంచినీళ్లు ముంచి ఇచ్చింది లేదు.

పత్తి మొగ్గ తొడిగింది. సరోజను బతిమాలి చేలోకి దిగిన పార్వతమ్మ వేలికి మొగ్గ చల్లదనం తెలిసింది. గోరు పెట్టి ఒలిచింది. కాడ నిక్షేపంగా ఉంది. ఆమె సాలు మధ్యలోనే నిలబడి ఏడ్చేసింది.

"రేపు జల్ది రా అక్కా," అంది సరోజ.

ఇంటికొచ్చేసరికి ఎల్లన్న పీట వేసి, ఆమె కోసం గుడ్ల పులుసు వడ్డించి కూర్చున్నాడు. "పోయినయా?" అన్నాడు ఆశగా.

చెబుదామనే నోరు తెరిచింది. అతను చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె చేతుల మీద పోయసాగాడు.

"ఇంక జర ఉన్నయయ్యా," అంది పార్వతమ్మ పీట మీద సర్దుకుంటూ. "ఇంకో నెల పడ్తదేమో."