పదకొండో గొట్టం

అక్క కండరాల్లో ఒక ప్రొటీన్ సరిగా మడత పడదు. మడత తప్పినవన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కడతాయి. అందుకే ఆమె చేతులు వణుకుతాయి. నేను పనిచేసే ల్యాబులో ఆ ప్రొటీన్‌నే గొట్టాల్లో పోసి, ఒక్కోదానిలో ఒక్కో మందు కలుపుతాం. మందు పనిచేయకపోతే ఉండలు కట్టి నీళ్లు తెల్లబడతాయి.

మా దగ్గరున్నవి పదకొండు మందులు. పది గొట్టాలూ తెల్లబడ్డాయి. ఆ ఉదయం పదకొండోది మాత్రం తేటగా కనిపించింది. ఆగలేక అక్కకి ఫోన్ చేశాను.

"నిజమేనా? అయితే ఇక నా టీ నేనే తాగుతా. నువ్వు తాగిస్తే సగం నా మెడ మీదే పోస్తావు," అని నవ్వింది.

ఇంతలో మా ల్యాబు నడిపే మేడమ్ వచ్చారు.

"కదిలించి చూశావా?"

చూడలేదు. వేలితో తట్టాను. అడుగున పేరుకున్న ఉండలు పైకి లేచాయి. గొట్టమంతా తెల్లబడింది.

"చూసే ముందు కదిలించాలని ఎన్నిసార్లు చెప్పానమ్మా!"

ఫోన్లో అక్క అంతా విన్నది.

"అది మందు పని కాదక్కా. నేనే సరిగా చూడలేదు."



"పోనీలేవే. పన్నెండోది ఎప్పుడు చూస్తారు?"

"పన్నెండోది లేదక్కా."