పొడుగు గీత చాటున

ఒక్క గీత లేచి మిగతా గీతలన్నిటినీ మింగేసింది. పిల్లల టీకాలు దాచే చల్లగదిలో సెన్సార్ పంపిన వేడి అంకెలతో, ఆఫీసులో అందరూ గ్రాఫుల పిల్ల అనే అమ్మాయి ఎక్సెల్లో గ్రాఫు వేస్తే, నిన్న పొద్దున ఒక్కచోట ముప్ఫై ఒకటి డిగ్రీలు తాటిచెట్టంత లేచింది. నాలుగూ అయిదుల మధ్య ఉన్న మిగతావన్నీ నేలకు అతుక్కుపోయాయి. వేడెక్కితే టీకాలు చెడిపోతాయి కాబట్టి, బండి వచ్చేలోగా ఆమె ఈ గ్రాఫు చూసి సరే అంటేనే టీకాలు ఆసుపత్రులకు వెళతాయి. ఏ పసిబిడ్డ ఒంట్లోకి ఏం పోతుందో ఆ ఒక్క మాట మీదే ఉంది.

వెనక మేనేజరు గొంతు సవరించుకున్నాడు. ఆఫీసంతా ఆయన్ని కత్తెర సారంటారు. సెలవుల దగ్గర్నుంచి టీ దాకా అన్నీ కత్తిరిస్తాడు మరి.

"పైన కోసెయ్యమ్మా. కొలబద్ద పదికి ఆపు. ఆ ఒక్కదానివల్ల మిగతావేవీ కనబడట్లేదు."

ఆమెకు ఒళ్లు మండింది. ఇందులో ఏదో మతలబు ఉంది. కనబడకూడదనేగా కోయమంటున్నాడు!

సారు వెళ్లగానే బావ వచ్చాడు. అక్క మొగుడు. చల్లగది మిషన్లు చూసే మెకానిక్కూ ఆయనే, ఆమెకు ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

"కోయకు మరదలా. ఉన్నది ఉన్నట్టు చూపించు. సెన్సార్ తుడుద్దామని నేనే బయటికి తీశా, చేతి వేడి తగిలింది. అంతే. దాచడానికేముంది?"

మా బావ బంగారం, అనుకుంది.

అయినా సారు గుట్టు తెలియాలంటే ఆయన చెప్పినట్టు ఒకసారి వేసి చూడాలిగా. మొదటి గ్రాఫును అలాగే ఉంచి, కింద ఇంకోటి వేసింది. కొలబద్దను పదికి ఆపి, గీత తెగినచోట రెండు అడ్డగీతలు పెట్టి, పైన ముప్ఫై ఒకటి అని రాసింది. అణిగి ఉన్న గీతలన్నీ లేచి నిలబడ్డాయి.

పొడుగు గీతకు ముందు, చల్లగది తలుపు తీసినప్పుడల్లా అంకె కాస్త ఎక్కి, మూసినప్పుడల్లా దిగుతోంది. ఆ తర్వాత ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. ఇవాళ పొద్దుటి నుంచి సరుకు సర్దేవాళ్లు తలుపు తీస్తూనే ఉన్నారే!

ఓరి నాయనో! సెన్సార్ బయటికి వచ్చిన మాట నిజమే, మళ్లీ ఆ గదిలోకి పోలేదు. ఎవరూ తెరవని ఏ చిన్న ఫ్రిజ్‌లోనో హాయిగా కూర్చుంది. చల్లగది నిజంగా ఎంత వేడెక్కిందో ఈ అంకెల్లో లేనే లేదు. అడగకముందే చెప్పాడు బావ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు.

ఛ, బావ అలా చేయడు. సారే చేసుంటాడు. అంతలో గుర్తొచ్చింది, సాయంత్రం అక్క కొడుక్కి ఈ టీకాల్లోంచే సూది వేయించాలి. వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, బుజ్జిగాణ్ణి సూదికి తీసుకెళ్లకే."

"తీసుకెళ్లట్లేదే. నిన్ననే వద్దన్నాడు మీ బావ. వచ్చేవారం కొత్త సరుకు వస్తుందట. ఏం, ఎందుకే?"

బయట బండి హారను మోగింది. బావ గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"అయిందా మరదలా?"

ఆమె చేతిలోని ఫోన్ మీద అక్క పేరు చూడగానే అతని నవ్వు చచ్చిపోయింది. "చల్లగది మిషన్ పాడైందే. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఈ ఒక్కసారికి..."

"మన బిడ్డకి వద్దనుకున్నది వాళ్ల బిడ్డలకెలా పంపుదామనుకున్నావు బావా?"

కళ్లు తుడుచుకుంటూ కత్తెర సారు గదివైపు నడిచింది. వెనక నుంచి బావ పిలుస్తూనే ఉన్నాడు.