కొబ్బరినూనె రాసిన వేలు

పొద్దున్నే రహమతున్నీసా చేసిన మొదటి పని, కూతురి చేతులు పట్టుకుని కొబ్బరినూనె పులమడం. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళకి అది మొహం కడుక్కోవడం లాంటి అలవాటు. నూనె లేకుండా కాయ ముడితే సాయంత్రానికి అరచేతులు మండిపోతాయి.

"అమ్మా, నేను పోయేది షెడ్డుకి కాదు, మిషను దగ్గరికి. జిడ్డు చేతులతో బటన్లు నొక్కకూడదు," అని నజ్మీన్ విసుక్కుంటూ సబ్బుతో కడిగేసుకుంది. రహమతున్నీసాకి కోపం రాలేదు సరికదా, లోలోపల మురిసిపోయింది. నూనె అక్కర్లేని చేతులు ఆ ఇంట్లో ఇవే మొదలు.

గుంటూరు శివార్లలోని ఆ కారం ఫ్యాక్టరీకి గోడ అవతల ఒక లోకం, ఇవతల ఒక లోకం. బయట రేకుల షెడ్డు, ఎండ, తుమ్ములు, రోజుకూలి. లోపల చల్లటి హాలు, తెల్లకోట్లు, నెలజీతం. ఇక్కడి కారం దేశాలు దాటిపోతుంది గానీ, తొడిమ తీసిన ఆడవాళ్ళు ఆ గోడ దాటింది లేదు. ఇంటికెళ్ళే బస్సులో కూడా, ఒంటికి పట్టిన ఘాటుకి జనం దగ్గుతారని వెనక సీట్లలోనే సర్దుకుంటారు. ఆ తొడిమలు తీసే రహమతున్నీసా కూతుర్ని ఐటీఐ చదివించింది. ఇప్పుడు తొడిమలు తీసే మిషనే వచ్చింది. పరీక్షలో ముందు నిలిచి, దాన్ని నడపడానికి శిక్షణ తీసుకున్నది నజ్మీన్ ఒక్కతే.

"నీ కూతురు మన నోటికాడ కూడు లాక్కుంటోందే," అని షెడ్డులో పక్కపీట సుబ్బరావమ్మ మొహం మీదే అనేసింది.

"మిషను నా కూతురు కనిపెట్టలేదు. ఎవరో ఒకరు నడుపుతారు. మన పిల్ల నడిపితే నీకేం నొప్పి?" అని రహమతున్నీసా అంతకంటే గట్టిగా అంది.

అన్నదే గానీ, సుబ్బరావమ్మ మాట ఆమెకి గుచ్చుకుంది. అందుకే అందరినీ కూడగట్టి ఆఫీసు ముందు కూర్చోబెట్టింది. బెల్టు మీద రంగు పోయిన తాలు కాయలు ఏరే పనికి కొంతమందిని లోపలికి తీసుకుంటామని కంపెనీ ఒప్పుకుంది. కొంతమందినే. మిగతావాళ్ళ సంగతి ఆమెని ఇప్పటికీ వదల్లేదు.

ఇవాళ రహమతున్నీసా, సుబ్బరావమ్మతో సహా ఆ కొంతమందికీ లోపల మొదటి రోజు. గేటు దగ్గర వేలిముద్ర మిషను పెట్టారు. వేలు పడితేనే గేటు తెరుచుకుంటుంది, హాజరూ పడుతుంది. నజ్మీన్ పెద్దవాళ్ళని ముందు పోనిచ్చింది. సుబ్బరావమ్మ వేలు పెడితే ఎర్రలైటు. చెంగుతో తుడుచుకుని పెట్టినా ఎర్రలైటే. రహమతున్నీసాకీ అంతే. ఏళ్ళ తరబడి కారంలో నానిన వేళ్ళు, గీతలు ఏనాడో అరిగిపోయాయి.

మేనేజరు శ్యామ్ సుందర్ వచ్చాడు. చెడ్డవాడేం కాదు, రూలు దాటి ఆలోచించే ఓపిక లేనివాడు.

"వేలు పడకపోతే నేనేం చెయ్యనమ్మా? ప్రస్తుతానికి షెడ్డుకెళ్ళండి, తర్వాత చూద్దాం."

పెద్దమనుషులు చెప్పే 'తర్వాత' ఎప్పటికీ రాదని ఆ ఆడవాళ్ళకి తెలుసు. రహమతున్నీసా కూతురితో, "నువ్వు పోవే, ఆలస్యమవుతుంది. మా తిప్పలు మేం పడతాం," అంది.

నజ్మీన్ కదల్లేదు. తల్లి సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసింది. అందరూ చూస్తుండగానే బొటనవేలికి దట్టంగా పట్టించి మిషను మీద పెట్టింది. ఎర్రలైటు వెలిగింది.

"నా వేలూ పడట్లేదండి సార్. నేనూ షెడ్డుకే పోనా?"

లోపల కొత్త మిషనుకి దండ వేసి కంపెనీ పెద్దలు నజ్మీన్ కోసం ఎదురుచూస్తున్నారు. శ్యామ్ సుందర్ సీసా వంక చూశాడు, గడియారం వంక చూశాడు.

"సరే, ఇవాళ్టికి అందరూ సంతకాలు పెట్టి రండి."

"ఇవాళ్టికి కాదండి. ఫొటో కార్డులు ఇచ్చేదాకా."

"అలాగేనమ్మా, ముందు నువ్వు పద."

గేటు చేత్తో తెరిచారు. సుబ్బరావమ్మ, "మన పిల్లే," అంది, తనే కన్నట్టు. గోడ దాటి నాలుగడుగులు వేశాక రహమతున్నీసా కూతుర్ని ఆపి, చీర చెంగుతో ఆ బొటనవేలు శుభ్రంగా తుడిచింది.

"జిడ్డు చేతులతో బటన్లు నొక్కకూడదన్నావుగా," అంది.